రొయ్యల పట్టుబడికి ఐసు లెక్క

చిరంజీవి మేనల్లుడికి,

ఇందుకూరుపేటలో నీ గుంట పట్టుబడికి ఐసు ఎంత తెప్పించాలని అడిగావు. ఇన్ని బార్లని చెబితే ఈసారికే పనికొస్తుంది. వేడి లెక్క తెలిస్తే ప్రతిసారీ నువ్వే కట్టుకుంటావు.

కిలో ఐసు సున్నా డిగ్రీల దగ్గరే ఉండి కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి లాక్కుంటుంది. కాలేజీలో చదివిన ద్రవీభవన ఎంథాల్పీ ఇదే. కరిగాక ఆ కిలో నీళ్లు ఒక్కో డిగ్రీకి తీసుకునేది 4.2 మాత్రమే. అంటే పనంతా కరగడంలోనే ఉంది. పట్టిన రొయ్యని ముంచే ఐసునీళ్ల టబ్బులో ఐసు అయిపోయిందా, నీళ్లు చేతికి జిల్లుమంటున్నా చల్లార్చే సత్తువ అయిపోయినట్టే.

రొయ్యకి కిలోకి డిగ్రీకి సుమారు 3.5 కిలోజౌళ్లు వేసుకో. 30 డిగ్రీల గుంటలోంచి తీసిన 100 కిలోల రొయ్యని సున్నాకి దించాలంటే 10,500 కిలోజౌళ్లు తియ్యాలి. దానికి 32 కిలోల ఐసు. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు, తప్పు ఇక్కడే జరుగుతుంది. టబ్బులో పోసిన 60 లీటర్ల నీళ్లూ 30 డిగ్రీల మీదే ఉన్నాయి కదా! వాటికి ఇంకో 23 కిలోలు. గాలి వేడికి, టబ్బు వేడికి కలిపి మొత్తం 70 కిలోలు పెట్టుకో. నీళ్లు రొయ్య మునిగేంతే పొయ్యి. ముందు నీళ్లలో ఐసు వేసి సున్నాకి తెచ్చాకే రొయ్యని దించు.

ఎండలో కారుతున్న ఐసుని తూకం వేయించుకోకు. కారే నీళ్లు కాటాలో తూగుతాయి, కానీ వాటిలో ఆ 334 ఉండదు.

ఐసు పైన తేలుతుంది. నాలుగు డిగ్రీల మంచినీళ్లు సున్నా నీళ్లకన్నా బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. కలపకుండా వదిలేస్తే పైన సున్నా, అడుగున నాలుగు, కుప్పపడ్డ రొయ్యలో ఇంకా ఎక్కువ. అడుగు నుంచి పైకి తిరగెయ్యి. థర్మామీటరు అడుగునా పెట్టి చూడు, ఒక రొయ్య కండలోనూ గుచ్చి చూడు. ఐసు మెత్తగా కొట్టించు. పెద్ద గడ్డలు రొయ్యని నలిపేస్తాయి, మధ్యలో గాలి నిలిచి వేడి త్వరగా రాదు. ఇంకా చల్లబడుతుందని ఉప్పు మాత్రం వెయ్యకు, సున్నా కిందికి పోతే కండ గడ్డకట్టడం మొదలవుతుంది.

ఇక రొయ్యని బండిలో పంపే పెట్టె. గోడలన్నీ కలిపి రెండు చదరపు మీటర్లుండి, 5 సెంటీమీటర్ల మందం థర్మాకోల్ అయితే, బయట 35 డిగ్రీలున్నప్పుడు గంటకి అరకిలో ఐసు కరుగుతుంది. మందం సగమైతే కిలో. 12 గంటల ప్రయాణానికి ఆరో పన్నెండో కిలోలు చాలు, అయితే రొయ్య సున్నాకి దిగాకే పెట్టెలోకి వెళ్లి ఉండాలి. 15 డిగ్రీల మీద సర్దేస్తే 100 కిలోలకి 16 కిలోల ఐసు దారి మొదట్లోనే అటు పోతుంది. తొందరపెట్టే బండివాడి మాట విని ఇది మాత్రం చెయ్యకు. అడుగున ఐసు, ఒక వరస రొయ్య, మళ్లీ ఐసు, పైన మందంగా ఐసు. కరిగిన నీళ్లు పోవడానికి అడుగున రంధ్రం తెరిచి ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య