ఖాళీ అయిన నంబరు మళ్లీ ఇవ్వకు

చి. కిరణ్‌కు,

మీ ఆఫీసులో ప్రాక్స్‌మాక్స్ (ఒక సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపు, పెడుతున్నావని చదివి సంతోషించాను. స్టోరేజి గురించి, నెట్‌వర్క్ గురించి బోలెడు అడిగావు. వీఎం ఐడీల (ఒక్కో వర్చువల్ మెషీన్‌కి ఇచ్చే నంబర్ల) సంగతి మాత్రం "అదే ఇచ్చేస్తుందిగా బాబాయ్" అని తేల్చేశావు. ఇస్తుంది. 100 నుంచి 999999999 దాకా ఏదైనా పెట్టుకోవచ్చు, 100 లోపువి తన సొంత పనులకు అట్టిపెట్టుకుంటుంది. నువ్వేమీ చెప్పకపోతే ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది చూపిస్తుంది. చిక్కు అక్కడే.

105 నంబరున్న పాత అకౌంట్స్ మెషీన్ తీసేశావనుకో. ఆ తర్వాత ఎవరో టెస్టింగ్‌కి కొత్తది చేస్తే దానికీ 105 రావచ్చు. బ్యాకప్‌లు దాచే ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వాటిని గ్రూపులు కట్టేది మెషీన్ పేరును బట్టి కాదు, ఐడీని బట్టి. రెండింటి బ్యాకప్‌లూ ఒకే గ్రూపులో పడతాయి. చివరి ఏడు ఉంచి మిగతావి తీసెయ్యమని రూల్ ఉండి, రోజూ బ్యాకప్ నడుస్తుంటే, వారం తిరిగేసరికి అకౌంట్స్‌వి ఒక్కటీ మిగలవు. ఎర్రర్ కూడా రాదు. ఆడిటర్ అడిగిన రోజున తెలుస్తుంది!

అందుకని మెషీన్ తీసేసే ముందు దాని ఆఖరి బ్యాకప్‌కి ప్రొటెక్టెడ్ అని పెట్టు, అప్పుడు రూల్ దాన్ని తీసెయ్యదు. తీసేటప్పుడు పర్జ్ (బ్యాకప్ జాబ్‌ల జాబితాల్లోంచి కూడా ఆ నంబరు తీసేసే ఆప్షన్) టిక్ చెయ్యి, లేకపోతే పాత బ్యాకప్ జాబ్‌లో 105 అలాగే ఉండి కొత్తదాన్ని పట్టుకుంటుంది. డేటాసెంటర్ ఆప్షన్లలో ఐడీల రేంజ్ మార్చుకోవచ్చు గానీ, ఆ రేంజ్‌లో కూడా చిన్న ఖాళీనే వెతుకుతుంది. వాడిన నంబర్లు ఒక షీట్‌లో రాసుకుని, తర్వాతిది నువ్వే టైప్ చెయ్యి. కంటైనర్లకూ (వీఎంల కన్నా తేలికైన మెషీన్లకు) ఇదే వరస, వాటికి వేరే లెక్క లేదు.

ఐపీ అడ్రస్‌ను ఐడీలో ఇరికించే అలవాటు చాలామందికి ఉంది. నాకు నచ్చదు. ఐపీ రేపు మారుతుంది, ఐడీ మార్చడానికి బటన్ లేదు. డిస్క్ పేరు vm-105-disk-0, కాన్ఫిగ్ ఫైలు 105.conf, అన్నిట్లో అదే నంబరు. మార్చాలంటే బ్యాకప్ తీసి కొత్త ఐడీతో రీస్టోర్ చెయ్యడం లాంటి తంటాలు పడాలి. వివరాలు పేరులో, ట్యాగుల్లో పెట్టుకో.

ఇంకొకటి. క్లస్టర్‌లో చేర్చే సర్వర్‌లో ముందే వీఎంలు ఉండకూడదు, ఐడీలు ఢీకొంటాయి. హైదరాబాద్ బ్రాంచి క్లస్టర్ కూడా అదే బ్యాకప్ సర్వర్‌కి పంపేటట్టయితే దానికి వేరే నేమ్‌స్పేస్ (బ్యాకప్ సర్వర్‌లో విడి అర) ఇవ్వు, అక్కడా ఒక 105 ఉండే ఉంటుంది.

ఇట్లు,
మీ బాబాయ్