సమాధానం: ఇండోర్ బ్యాడ్మింటన్ ఫోటోల్లో నాయిస్, బ్లర్
ఆట ఫోటోల్లో నాయిస్ (గరుకు చుక్కలు), బ్లర్ (కదిలిన మసక) వస్తున్నాయని అడిగారు. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పెంచి చూపే సెట్టింగ్) 800 దాటనివ్వకుండా, షట్టర్ 1/125 సెకనులో తీసి, చీకటిగా వచ్చిన జేపెగ్‌లను కంప్యూటర్లో రెండు స్టాపులు (అంటే నాలుగు రెట్లు) వెలుగు పెంచానన్నారు కదండీ, గొడవంతా అక్కడే ఉంది. నాయిస్‌కి అసలు కారణం ఐఎస్ఓ అంకె కాదు, సెన్సర్‌కి వెలుతురు చాలకపోవడం. తర్వాత పెంచినా ఐఎస్ఓ 3200లో ఉండేంత నాయిస్ ఎలాగూ వస్తుంది. పైగా జేపెగ్‌లో రంగుకి 8 బిట్లే కాబట్టి నీడల్లో మచ్చలు, చారలు అదనం.

మాన్యువల్ మోడ్‌లో షట్టర్ 1/800, అపర్చర్ (లెన్స్ రంధ్రం) పూర్తిగా తెరిచి, ఆటో ఐఎస్ఓ పై హద్దు 12800 పెట్టండి. ఫైల్ రా (జేపెగ్‌గా మార్చని సెన్సర్ డేటా). గరుకుగా ఉన్న ఫోటోని బాగుచేయొచ్చు, కదిలిపోయిన రాకెట్‌ని ఎవరూ బాగుచేయలేరు.

మీ కిట్ లెన్స్ (కెమెరాతో పాటు వచ్చేది) జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్/5.6కి పడిపోతుంది; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది. ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) పెడితే దాదాపు పది రెట్ల వెలుతురు, అంటే ఐఎస్ఓ 12800 కావాల్సిన చోట 1250తో సరిపోతుంది. కొత్త కెమెరా బాడీ ఆలోచన తర్వాత, ముందు లెన్స్. కాకపోతే ఫోకస్ లోతు బాగా తగ్గుతుంది, ఏఎఫ్-సి (ఆగకుండా ఫోకస్ సరిచేసుకునే మోడ్) పెట్టి కంటి మీద ఫోకస్ ఉంచండి.

నాయిస్ తగ్గించేటప్పుడు కలర్ స్లైడర్ ధారాళంగా, ల్యూమినెన్స్ (వెలుగులోని గరుకు తగ్గించే) స్లైడర్ పిసినారిగా వాడండి, లేదంటే ముఖాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి. అడ్డపట్టీలు కనిపిస్తే మాత్రం అది నాయిస్ కాదు, లైట్ల ఫ్లికర్ (కంటికి తెలియని మిణుకు): మెకానికల్ షట్టర్‌కి మారి, యాంటీ-ఫ్లికర్ ఆన్ చెయ్యండి.