తీగలు కొనేముందు బేస్ కొలుచుకో, చిట్టీ

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ పిచ్చి దీనికీ అంటుకుంది అన్నయ్యా" అంది. తిడుతోందో మురిసిపోతోందో నాకు తెలీలేదు, బహుశా దానికీ తెలీదు. సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ కొన్నావట, వచ్చే నెల కాలేజీ ఫెస్ట్‌లో వాయిస్తావట, ఆదివారం కొత్త తీగలు నువ్వే వేసుకుంటావట. మన ఇంటి ఆడపిల్ల బేస్ భుజాన తగిలించుకుని స్టేజీ ఎక్కుతుందంటే నాకు సంతోషం కాక ఇంకేం ఉంటుంది? కానీ ఆ "నేనే వేసుకుంటా" దగ్గర మాత్రం గుండె దడదడలాడింది. అందుకే పొద్దున్నే లేచి ఇది టైప్ చేస్తున్నాను.

ముందు సులువైనవి. నీకు రౌండ్ వౌండ్ తీసుకో, అంటే పైన గుండ్రటి తీగ చుట్టినవి, నికెల్ పూత ఉన్న స్టీలు. స్టెయిన్‌లెస్ స్టీలువి ఇంకా ఖణేల్‌మంటాయి గానీ ఫ్రెట్లని, అంటే నెక్ (మెడ) మీది అడ్డకడ్డీలని, తొందరగా అరగదీస్తాయి, వేళ్లకీ గరుకు. ఫ్లాట్ వౌండ్ అంటే పైన చదునైన రిబ్బను చుట్టినవి, నున్నగా ఉంటాయి, ధుమ్ ధుమ్‌మని బొద్దుగా మోగుతాయి. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ అవే వాడేవాడు, తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. ఆ మాట పట్టుకుని నువ్వు రౌండ్ వౌండ్ తీగల్ని ఐదేళ్లు ఉంచకు తల్లీ. నువ్వుండేది వైజాగ్, ఉప్పుగాలి. వాయించాక పొడిబట్టతో కింద నుంచి కూడా తుడువు. మేము చచ్చిన తీగల్ని ఉడకబెట్టి మళ్లీ మోగించేవాళ్లం, మీ అమ్మమ్మ చారు గిన్నెలో! ఆవిడకి తెలిసిన రోజు నాకు అన్నం లేదు. జిడ్డు పోయి రెండు రోజులు బాగానే మోగేవి, తర్వాత తుప్పు.

లావు సంగతి. మామూలు సెట్ 45, 65, 85, 105, అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. నీ వేళ్లకి బరువనిపిస్తే 40 నుంచి 100 సెట్ తీసుకో, అందులో నామోషీ ఏం లేదు. నాలుగు తీగలూ కలిసి నెక్‌ని లాగే బలం సుమారు 75 కిలోలు, పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు వేలాడదీసినట్టు. అందుకే లావు మారిస్తే నెక్ వంపు మారుతుంది. ఆ వంపు సరిచేసే ట్రస్ రాడ్ (నెక్ లోపలి కడ్డీ) జోలికి మాత్రం నువ్వెళ్లకు, తెలిసినవాళ్ల చేత చేయించు.

ఇప్పుడు అసలుది విను. 1989 వినాయక చవితి. కాకినాడలో మా ఆర్కెస్ట్రా, రాత్రి ప్రోగ్రాం, సగానికి పైగా ఇళయరాజా పాటలే. అంటే బేస్ వాయించేవాడికి పండగా, పరీక్షా రెండూ. మా ఊళ్లో అప్పట్లో బేస్ తీగలు దొరికేవి కావు, మద్రాసు వెళ్తున్న ఒకాయన చేతిలో డబ్బు పెట్టి "బేస్ గిటార్ తీగలు తీసుకురండి" అన్నాను. ఎంత పొడవు బేస్‌కి అన్నది చెప్పలేదు, అలాంటిదొకటి ఉంటుందని నాకే తెలీదు. ఆయన ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం తెచ్చిచ్చాడు. నేను ప్యాకెట్ విప్పకముందే, ఆ ఊపులో, పాత తీగలు నాలుగూ కటింగ్ ప్లేయర్‌తో టకటకా కోసేశాను.

నాది లాంగ్ స్కేల్, అంటే నట్ (నెక్ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా 34 అంగుళాలు. ఆయన తెచ్చినవి షార్ట్ స్కేల్, 30 అంగుళాల బేస్‌వి. అన్నిటికన్నా లావుది E తీగ, దాని పెగ్ (తీగ చుట్టి బిగించే మర) నట్‌కి దగ్గర కాబట్టి అది ఒక్క చుట్టు పడింది. తర్వాతది A తీగ, దాని కొస పెగ్ రంధ్రంలో దూరిందంతే. D తీగ కొస పెగ్‌ని ముట్టుకుంది గానీ చుట్టుకోలేదు. G తీగ అయితే మూడు వేళ్ల దూరంలో ఆగిపోయింది. ఎంత లాగినా తీగ సాగుతుందా? బొటనవేలు తెగింది, ఆ గీత ఇప్పటికీ ఉంది. పాత తీగలు ముక్కలై చాప మీద పడున్నాయి.

రెండు తీగలతో స్టేజీ ఎక్కాను. మూడో పాటలో A తీగ టప్‌మని జారిపోయింది. కీబోర్డు ఆయన నా వైపు ఒక్క చూపు చూసి, ఎడమ చేత్తో బేస్ అందుకున్నాడు. మిగతా రాత్రంతా నేను ఉత్తినే వేళ్లు ఆడిస్తూ నిలబడ్డాను.

ముందు వరసలో మీ అమ్మ, పదకొండేళ్ల పిల్ల. ఇంటికొస్తూ "అన్నయ్యా, నీ గిటార్ సగమే మోగిందేంటి?" అని అడిగింది. ఆ తీగల డబ్బు దాని హుండీ పగలగొట్టి ఇచ్చిందే.

కాబట్టి చిట్టీ, షాపుకి వెళ్లేముందు టేప్ తియ్యి. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చెయ్యి. 17 వస్తే 34, లాంగ్ స్కేల్. 15 వస్తే షార్ట్. తీగలు బ్రిడ్జ్‌లోంచి వస్తున్నాయో, బాడీ వెనక నుంచి దూరి వస్తున్నాయో కూడా చూడు, వెనక నుంచైతే ఇంకాస్త పొడవు కావాలి. తీగ చివర దారం చుట్టిన భాగం నట్ దాటాకే మొదలవ్వాలి. ఒక్కొక్కటే మార్చు. పెగ్ దాటి నాలుగైదు అంగుళాలు వదిలి, ముందు వంచి ఆ తర్వాతే కత్తిరించు, లేకపోతే పైన చుట్టు వదులై తీగ మూగబోతుంది. కత్తిరించేటప్పుడు కళ్లజోడు పెట్టుకో, ఆ కొస ఎటు ఎగురుతుందో తెలీదు. పాతవి ప్రోగ్రాం అయ్యేదాకా చుట్ట చుట్టి బ్యాగులో ఉంచు. వింటున్నావా? పారెయ్యకు.

నీకు ఫోన్‌పేలో 3000 పంపాను. అది నేనిచ్చింది కాదు, మీ అమ్మ హుండీ బాకీ, వడ్డీ లెక్క నన్నడక్కు. రాత్రికి బేస్ మీద టేప్ పెట్టి ఫోటో తీసి పంపు, అంకె కనపడాలి. అది చూశాకే షాపుకి వెళ్లు.

మావయ్య