ఆర్మీలో రవాణా అంటే లారీలు తిప్పడమేనా?

ప్రశ్న: విజయవాడలో నాకు మూడు లారీలున్నాయి. మా అమ్మాయి బీకాం ఆఖరి సంవత్సరం, ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉంది. ఆర్మీలో రవాణా, సరఫరా చూసే విభాగంలో ఆఫీసర్‌గా చేరతానంటోంది. లారీల గోలే కావాలంటే అది ఇంట్లోనే ఉంది కదా! యుద్ధానికి పంపరు కదా? బయటికొచ్చాక ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: మీ అమ్మాయి చెబుతున్నది ఆర్మీ సర్వీస్ కోర్ గురించి. అందరూ ఏఎస్‌సీ అంటారు. బియ్యం, పప్పు, కూరగాయల నుంచి డీజిల్, కిరోసిన్ దాకా జవాన్లకు చేర్చేది వీళ్లే. తుపాకులు, మందుగుండు, బట్టలు చూసేది ఆర్డ్‌నెన్స్ కోర్. సికింద్రాబాద్ తిరుమలగిరిలో సెంటర్ ఉన్నది దానికి. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు చాలామంది.

లారీ ఓనర్‌కి ఈ పని ఇట్టే అర్థమవుతుంది. శ్రీనగర్ నుంచి లద్దాఖ్‌కి వెళ్లే రోడ్డు జోజిలా కనుమ ఎక్కి దిగాలి. ఎత్తు దాదాపు 11,500 అడుగులు. చలికాలంలో మంచుకి ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి దారి తెరిచి ఉన్న నెలల్లోనే చలికాలం మొత్తానికి సరిపడా తిండి, ఇంధనం పైకి చేరిపోవాలి. మీ లోడు రెండు రోజులు లేటైతే పార్టీ కిరాయి కోస్తాడు. అక్కడ మిగిలిపోయిన లోడు కోసం కొండ మీద మనుషులు ఎదురుచూస్తుంటారు. మామూలు డీజిల్ ఆ చలికి గడ్డకడుతుంది. మైనస్ 33 డిగ్రీల్లోనూ గడ్డకట్టని డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ 2019లో ప్రత్యేకంగా లద్దాఖ్ కోసం తెచ్చింది. రోడ్డు ఆగిపోయిన చోట కంచరగాడిదల మీద వేసి పంపుతారు, అవీ ఏఎస్‌సీవే. అవీ ఎక్కలేని చోట విమానం నుంచి పారాచూట్‌తో దించుతారు. ఆ మూటలు కట్టించేదీ వీళ్లే.

ఇక మీ అసలు భయం. ఏఎస్‌సీ అంటే వెనక కూర్చునే ఉద్యోగం అని ఎవరైనా చెబితే నమ్మకండి. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు శ్రీనగర్–లేహ్ రోడ్డు శత్రువు ఫిరంగులకు అందేంత దూరంలో ఉండేది. రాత్రిపూట హెడ్‌లైట్లు ఆర్పేసి, ఆ ఘాట్‌రోడ్డు మీద కాన్వాయ్‌లు నడిపారు. మీ డ్రైవర్లలో ఎవరినైనా అడగండి, అది ఎలాంటి డ్రైవింగో చెబుతారు. శాంతి సమయంలో ఊళ్లో పోస్టింగులూ ఉంటాయి, కానీ వాటి కోసమే చేరేటట్లయితే వద్దు.

ఆడపిల్ల అని మాత్రం వెనకాడక్కర్లేదు. డాక్టర్లు, నర్సులు కాకుండా ఆర్మీ 1992లో మొదటిసారి మహిళలను ఆఫీసర్లుగా తీసుకున్నప్పుడే ఏఎస్‌సీ ఆ జాబితాలో ఉంది. 2019 రిపబ్లిక్ డే పరేడ్‌లో 144 మంది మగ జవాన్ల ఏఎస్‌సీ దళాన్ని ముందుండి నడిపించిన లెఫ్టినెంట్ భావనా కస్తూరి మన హైదరాబాద్ అమ్మాయే. 2020లో సుప్రీంకోర్టు తీర్పుతో మహిళలకు పర్మనెంట్ కమిషన్ (అంటే రిటైర్మెంట్ దాకా సర్వీసు) దారి కూడా తెరుచుకుంది.

అసలు చిక్కు వేరే ఉంది, అది మీ అమ్మాయికి తెలుసో లేదో అడగండి. ఆఫీసర్‌గా నేరుగా ఏఎస్‌సీకి అప్లై చేసే వీలు లేదు. ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాతపరీక్ష ఉండదు. డిగ్రీలో 50 శాతం, ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడ్ ఉంటే షార్ట్‌లిస్ట్ చేసి ఆఫీసర్లను ఎంపిక చేసే ఇంటర్వ్యూ బోర్డు ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. అమ్మాయిలకు సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. యూపీఎస్‌సీ పెట్టే సీడీఎస్ రాతపరీక్ష రాస్తే ఇంకో దారి. ఏ దారిలో వెళ్లినా చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో ట్రైనింగ్ చివర మెరిట్, ఖాళీలు, ఇష్టం చూసి కోర్ కేటాయిస్తారు. కమ్యూనికేషన్లు చూసే సిగ్నల్స్ కోర్ వస్తే దానికే వెళ్లాలి. ఆర్మీ కావాలా, లాజిస్టిక్స్ (రవాణా, సరఫరా పని) కావాలా అనేది ముందే తేల్చుకోవాలి. లాజిస్టిక్సే కావాలంటే ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ప్రవేశపరీక్ష ఏఎఫ్‌క్యాట్ మంచిది: 60 శాతంతో డిగ్రీ ఉంటే చాలు, కోరుకునే బ్రాంచీల్లో లాజిస్టిక్స్‌ని ముందు పెట్టుకోవచ్చు, ట్రైనింగేమో హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో. నేవీ లాజిస్టిక్స్‌కి ఉత్త బీకాం చాలదు, సప్లై చైన్ లాంటి వాటిలో పీజీ డిప్లొమా కావాలి. నా ఓటు సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ రెండూ రాయమనే.

జీతం లెఫ్టినెంట్‌కి బేసిక్ 56,100తో మొదలు, పైన నెలకి 15,500 మిలటరీ సర్వీస్ పే, డీఏ, మిగతావి. ఈ దారుల్లో మొదట దొరికేది షార్ట్ సర్వీస్, అంటే పదేళ్లు, కావాలంటే మరో నాలుగు. బయటికొచ్చేవాళ్ల కోసం ఐఐఎంలలో కోర్సులు పెట్టిస్తారు. గోడౌన్లు, వందల వాహనాలు నడిపిన మనిషి అంటే లాజిస్టిక్స్ కంపెనీలకు ఆసక్తే. అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చు, ఇప్పుడే టెన్షన్ అక్కర్లేదు.

ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులుంటుంది. ఇంటర్వ్యూలో నాన్న ఏం చేస్తారని తప్పకుండా అడుగుతారు. ‘లారీలున్నాయి సార్’ అని ఆగిపోతే తర్వాతి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది: ఒక్కో బండి ఎన్ని టన్నులు, లీటరుకి ఎంత ఇస్తుంది, తిరుగు లోడు దొరక్కపోతే ఏం చేస్తారు? పరీక్షలు అయ్యాక ఒక నెల మీ లెక్కల పుస్తకం ఆమె చేతికివ్వండి. బత్తాలు, డీజిల్ బిల్లులు, టైర్ల ఖర్చు అన్నీ ఆమే రాయాలి. ఒక్క ట్రిప్పైనా క్యాబిన్‌లో కూర్చోబెట్టి పంపండి.