వాలెట్టాలో షిప్ ఆగే ఒక్క పగలు: టూర్ తీసుకోవాలా, నడవాలా?

మీ ప్రశ్న ఇది: మెడిటరేనియన్ క్రూయిజ్‌లో భాగంగా షిప్ మాల్టా రాజధాని వాలెట్టాలో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆగుతుంది, వెంట మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, మామగారు ఉన్నారు, షిప్ వాళ్ల బస్సు టూర్ తీసుకోవాలా లేక సొంతంగా నడిచి చూడగలమా?

నడవండి. చాలా రేవుల్లో షిప్ దిగాక ఊరు చేరడానికే బస్సో రైలో ఎక్కాలి. రోమ్ చూపిస్తామని చెప్పే షిప్పులన్నీ ఆగేది చివితావెక్కియాలో, అక్కడినుంచి రోమ్‌కి రైలు ప్రయాణం ఉంటుంది. వాలెట్టాలో ఆ గొడవ లేదు. షిప్ సరిగ్గా కోట గోడల కిందే ఆగుతుంది. ఊరు పొడవు సుమారు కిలోమీటరు, అంతే. మేము మా అమ్మను తీసుకుని ఇలాగే తిరిగాం. మెట్లు చూస్తే ఆమెకు భయం, అయినా ఇబ్బంది పడలేదు.

ఊరి ఆకారం ముందే తెలుసుకుంటే సగం అలసట తగ్గుతుంది. రెండు హార్బర్ల మధ్య సముద్రంలోకి చొచ్చుకొచ్చిన గుట్ట మీద కట్టిన ఊరు ఇది. చేప వెన్నుముల్లులా నడి నెత్తిన రిపబ్లిక్ స్ట్రీట్ పోతుంది, అడ్డవీధులు అటూ ఇటూ నీళ్లవైపు జారిపోతాయి. వాటిలో చాలావాటికి మెట్లే. అందుకే పెద్దవాళ్లతో ఉన్నప్పుడు నడి వీధి వదలొద్దు. పక్క సందులు ఎంత ముద్దొచ్చినా పైనుంచి చూసి, రంగురంగుల చెక్క బాల్కనీలకు ఫోటో తీసుకుని ముందుకు కదలండి. దిగడం తేలికే, మళ్లీ ఎక్కేటప్పుడే కష్టం. పైగా అరిగి నున్నబడ్డ సున్నపురాయి మెట్ల మీద కాలు జారుతుంది కూడా.

రేవు నుంచి ఊరిపైకి ఎలా వెళ్లాలన్నదే అసలు ప్రశ్న. షిప్ దిగి వాటర్‌ఫ్రంట్ దాటాక కుడివైపు తిరిగి, నీళ్లు మీ కుడిచేతి పక్కనే ఉండేలా రోడ్డు వెంట నడవండి. ఆ దారి చదునుగానే ఉంటుంది. కాసేపటికి బర్రక్కా లిఫ్ట్ వస్తుంది. 2012లో మొదలైన ఈ లిఫ్ట్ 58 మీటర్ల ఎత్తు ఎక్కించి నేరుగా అప్పర్ బర్రక్కా తోటలో దింపుతుంది. టికెట్ ఖర్చు లెక్కలోకి రాదు. కాకపోతే షిప్ జనమంతా ఒకేసారి వస్తే క్యూ పెరుగుతుంది, టిఫిన్ త్వరగా కానిచ్చి బయల్దేరండి. రేవులో గుర్రబ్బండ్ల వాళ్లు పలకరిస్తారు. వాటిని అక్కడ కరొజ్జిన్ అంటారు. ఎక్కాలనుకుంటే డబ్బులెంతో ముందే మాట్లాడుకోండి. లిఫ్ట్ ఉండగా నాకైతే దాని అవసరం కనిపించలేదు.

తోటలో తొందరపడకండి. గ్రాండ్ హార్బర్ మొత్తం కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది, ఎదురుగా సెయింట్ ఆంజెలో కోట. 1565లో ఒట్టోమన్ సైన్యం నెలల తరబడి ముట్టడించినప్పుడు అప్పట్లో మాల్టాను ఏలిన సెయింట్ జాన్ క్రైస్తవ యోధులు, అంటే నైట్స్, అటువైపు కోటలనుంచే నిలబడి కాపాడుకున్నారు. మరుసటి ఏడు, 1566లో, వాళ్ల నాయకుడు జాన్ ద లా వాలెట్ ఈ గుట్ట మీద కొత్త ఊరికి పునాది వేయించాడు, ఊరికి ఆయన పేరే వచ్చింది. ఆ కథ తెలిసి చూస్తే హార్బర్ వేరేగా కనిపిస్తుంది. తోట కిందున్న ఫిరంగుల వరుసలో మధ్యాహ్నం 12కి ఒకటి పేలుస్తారు. దాన్ని పైనుంచి ఉచితంగానే చూడొచ్చు. మామగారికి చెప్పి ఉంచండి, ఒక్కసారిగా మోగితే ఉలిక్కిపడతారు.

కానీ 12 దాకా తోటలోనే కూర్చోవద్దు. ముందు సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ అనే పెద్ద చర్చికి వెళ్లి, ఫిరంగి వేళకి తిరిగి రండి. దూరం కొద్ది నిమిషాలే. డబ్బు పెట్టి లోపలికి వెళ్లాల్సింది ఒక్కటే ఎంచుకోవాలంటే ఇదే. బయటనుంచి చూస్తే గోదాములా బోసిగా ఉంటుంది, లోపల గోడలన్నీ బంగారు చెక్కడాలు. నేలంతా నైట్స్ సమాధుల మీద పరిచిన రంగుల పాలరాతి పలకలు, వాటి మీద అస్థిపంజరాల బొమ్మలు. పక్క హాల్లో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో గీసిన బాప్టిస్ట్ యోహాను శిరచ్ఛేదం ఉంది. ఆయన సంతకం పెట్టిన బొమ్మ ఇదొక్కటే, అదీ యోహాను మెడనుంచి కారిన రక్తంలో. దాని ముందు మేం చాలాసేపు ఉండిపోయాం, వెనకనుంచి గైడ్లు తోస్తున్నా కదల్లేదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, సన్నటి మడమల చెప్పులతో లోపలికి రానివ్వరు. ఆదివారం సందర్శకులకు తెరవరు. మీ షిప్ ఆ రోజే ఆగుతుందేమో ఇప్పుడే చూసుకోండి.

తర్వాత రిపబ్లిక్ స్ట్రీట్ మీద గ్రాండ్ మాస్టర్స్ ప్యాలెస్ ముందున్న మైదానం దాకా వెళ్లి, అక్కడ బెంచీ మీద కూర్చోండి. దాన్ని దాటితే వీధి సెయింట్ ఎల్మో కోటవైపు దిగిపోతుంది. కోట చూడదగ్గదే, లోపల యుద్ధ మ్యూజియం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపిన ధైర్యానికి 1942లో బ్రిటిష్ రాజు ఈ ద్వీపం మొత్తానికీ ఇచ్చిన జార్జ్ క్రాస్ పతకం కూడా అక్కడే. అయితే తిరుగుదారి అంతా ఎత్తే. మీరిద్దరూ వెళ్లి రండి, అత్తగారు వాళ్లు కాఫీ తాగుతూ ఉంటారు.

తిండికి పాస్టిజ్జీ దొరుకుతుంది, పొరలు పొరలుగా విరిగే వేడి పఫ్‌లాంటిది. లోపల రికోటా జున్నో, బఠాణీ ముద్దో ఉంటుంది. శాకాహారులైతే పిండిలో పంది కొవ్వు వేశారా అని అడగండి, పాత పద్ధతిలో వేసేవాళ్లు. ఇంగ్లిష్ అక్కడ అధికార భాషే కాబట్టి అడగడానికి ఇబ్బంది లేదు.

ద్వీపం మధ్యలో ఉన్న పాత కోట ఊరు మ్దీనా (Mdina) కూడా కలిపేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఈసారికి వదిలేయండి. బస్సు దొరుకుతుంది కానీ, వచ్చేటప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు. సొంతంగా దిగినవాళ్ల కోసం షిప్ ఆగదు. సమయం మిగిలితే లిఫ్ట్‌లో కిందికి దిగి, దగ్గర్లోనే ఉన్న ఫెర్రీ ఎక్కి హార్బర్ అవతలి ఒడ్డుకి వెళ్లి రండి. కూర్చునే చూడొచ్చు, మోకాళ్లకి హాయి.

మాల్టా షెంగెన్‌లో, అంటే ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో ఉంది, కాబట్టి వీసా సంగతి క్రూయిజ్ బుక్ చేసేటప్పుడే తేల్చుకోండి. దిగేటప్పుడు షిప్ కార్డు, నీళ్లు, టోపీ మర్చిపోకండి, ఎండాకాలంలో ఆ తెల్లరాయి మీద ఎండ కళ్లలోకి కొడుతుంది. వాచీలో షిప్ టైమే పెట్టుకోండి, ఫోన్ చూపించే టైమ్ దానితో కలవకపోవచ్చు. ఇంకో మాట, షిప్ రేవులోకి వచ్చేటప్పుడు గదిలో పడుకోకుండా అందరినీ డెక్ మీదికి తీసుకురండి. ఆ కోటల మధ్యనుంచి లోపలికి రావడాన్ని ఏ టూర్ టికెట్టూ చూపించదు.