పాకే పిల్లాడున్న ఇంట్లో టీ గ్లాసు ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న చూడగానే మా మావయ్యగారి స్టీలు గ్లాసు గుర్తొచ్చిందండి. 10 నెలల బాబుని తీసుకుని సంక్రాంతికి పాలకొల్లు దగ్గర అత్తగారి ఊరు వెళ్తున్నారు. వాడు పాకుతూ, దొరికింది పట్టుకుని లేస్తున్నాడు. ఇంటినిండా చుట్టాలు, పూటకి రెండుసార్లు టీలు. ఏం జాగ్రత్త పడాలి అని కదా అడిగారు. మాది రాజోలు వైపు. మీరు దేనికి భయపడుతున్నారో అదే మా ఇంట్లో జరిగింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా పాపకి అప్పుడు 11 నెలలు. పండగ చలి. మావయ్యగారు వసారాలో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు, అత్తయ్య టీ తెచ్చి ఇచ్చారు. స్టీలు గ్లాసు కదా, పట్టుకుంటే వేళ్ళు చుర్రుమంటాయి. మనందరం చేసే పనే ఆయనా చేశారు. కాస్త చల్లారనిద్దామని కుర్చీ పక్కన నేల మీద పెట్టి, పేపర్లో పడి మర్చిపోయారు. టీ మీద తొరక కట్టేసింది, పొగ కూడా రావట్లేదు. నేను గుమ్మంలోనే నిలబడి పాపని చూస్తూనే ఉన్నాను. అది అటు పాకుతోందని అర్థమై ఒక్క అడుగు వేసేలోపు గ్లాసు మీదకి ఒంపేసుకుంది. మెడ కింద, ఎడమ చెయ్యి.

అందుకే ఎవరైనా "పిల్లాడి మీద ఓ కన్నేసి ఉంచమ్మా" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కన్ను నా దగ్గర రెండూ ఉన్నాయి, లాభమేంటి? టీ పోసిన 15 నిమిషాల తర్వాత కూడా చంటిపిల్లల చర్మాన్ని కాల్చగలదు. 60 డిగ్రీల నీళ్ళు 5 సెకన్లు తగిలితే పెద్దవాళ్ళకే లోతుగా కాలుతుంది, వీళ్ళ చర్మం మనకంటే చాలా పల్చన. కాబట్టి పిల్లాడికి కాపలా పెట్టడం కన్నా టీ గ్లాసుకి చోటు చూడండి.

మేం చేసిందదే. పాత పెంకుటిల్లు కాబట్టి వసారా గోడకి దీపం పెట్టుకునే గూడు ఉంది, నా భుజమంత ఎత్తులో. కుర్చీని దాని కిందకి జరిపాం. గ్లాసు ఉంటే ఆయన చేతిలో ఉండాలి, లేదంటే గూట్లో. "నా ఇంట్లో నాకు రూలా" అని వారం రోజులు సణిగారు పాపం, తర్వాత ఆయనే వచ్చినవాళ్ళందరికీ గూడు చూపించడం మొదలుపెట్టారు. మీ అత్తగారింట్లో గూడు లేకపోతే ఫ్రిజ్ పైనో, ఎత్తైన అలమరలోనో చూసుకోండి. టీపాయ్ మాత్రం వద్దు, దాన్ని పట్టుకునే కదా వాడు లేచేది. మీద గుడ్డ పరిచి ఉంటే మరీ ప్రమాదం, లాగితే సామానంతా నెత్తి మీదకొస్తుంది.

చుట్టాల దగ్గర ఇబ్బంది వేరు. పిల్లాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండో చేత్తో టీ అందుకుంటారు. వద్దని చెప్తే ఏమనుకుంటారో అని మనకి మొహమాటం. నేను చెప్పడం మానేశాను. ట్రే పట్టుకెళ్ళే ముందే "బాబాయ్‌గారూ, దాన్ని ఇలా ఇవ్వండి, ముక్కు తుడవాలి" అని తీసేసుకుంటాను. ఆ పండక్కి మా పాప ముక్కు ఎన్నిసార్లు తుడిచానో!

ఇక పొరపాటున ఒలికితే ఏం చేయాలన్నది. ఇందులో మేం రెండు తప్పులు చేశాం. ఒకటి, స్వెట్టర్ వెంటనే విప్పలేదు. ఉన్ని వేడి టీని పీల్చుకుని ఒంటికి పట్టి ఉంచింది, అక్కడే ఎక్కువ కాలింది. రెండోది, ఎవరో టూత్‌పేస్ట్ తెస్తే రాసేశాం. ఆస్పత్రిలో ఆ పేస్టంతా తుడుస్తున్నప్పుడు పాప కాలినప్పటి కంటే ఎక్కువ ఏడ్చింది. చేయాల్సిందేమిటంటే, తడిసిన బట్టలు వెంటనే తీసేయాలి (చర్మానికి అతుక్కుపోతే లాగకండి). కాలినచోట కుళాయి నీళ్ళు 20 నిమిషాలు ధారగా పొయ్యాలి. చలికాలం కాబట్టి మిగతా ఒళ్ళు దుప్పట్లో చుట్టి ఉంచండి. కాస్త ఆలస్యమైనా, 3 గంటలలోపు అయితే నీళ్ళు పోయడం పనికొస్తుంది. ఐసు, పసుపు, వెన్న, సిరా ఏవీ వద్దు. బొబ్బలు చిదపొద్దు. తర్వాత ఉతికిన మెత్తటి నూలు గుడ్డ వదులుగా కప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. మొహం, చేతులు, పాదాలు, మర్మాంగాల దగ్గర కాలినా, పిల్లాడి అరచెయ్యి కంటే పెద్ద మచ్చయినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

పండగ కాబట్టి ఇంకో రెండు. దొడ్లో కొబ్బరి డొక్కలు పెట్టి కాగుతో నీళ్ళు కాస్తారు కదా, బకెట్లో ఎప్పుడూ చన్నీళ్ళు ముందు, వేణ్ణీళ్ళు తర్వాత. వేణ్ణీళ్ళు పోసి, చన్నీళ్ళ కోసం అటు తిరిగిన క్షణంలోనే పిల్లలు చెయ్యి పెట్టేది. మోచేత్తో చూసుకున్నాకే ఒంటి మీద పొయ్యండి. రెండోది అరిసెల పాకం. అది మరిగే నీళ్ళ కంటే వేడి, పైగా జారిపోదు, అంటుకుపోతుంది. మా అత్తయ్య పొయ్యి చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి దాటొద్దన్నారు. నాలుగేళ్ళవాళ్ళు బుద్ధిగా గీత అవతలే కూర్చున్నారు. మా పాప ఆ ముగ్గు మీదే పాకి అరచేతులు తెల్లగా చేసుకుంది. అందుకని అరిసెలు వండే పూట పాకే పిల్లలు పక్కింట్లోనే, వాళ్ళతో ఒక మనిషి.

నరసాపురం రైల్లో వస్తామన్నారు కదా. బాబుని కిటికీ వైపు కూర్చోబెట్టండి, టీ క్యాన్లవాళ్ళు తిరిగే దారి వైపు వద్దు. మీకు టీ తాగాలనిపిస్తే మీ ఆయనకి వాడిని ఇచ్చి, ఎదురు సీట్లోకి మారి తాగండి. ఆ పేపర్ కప్పు కాస్త గట్టిగా పట్టుకుంటేనే నలిగి ఒలికిపోతుంది.