క్రిస్మస్ అయిపోయాకే అసలు పని

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాను. మాది దివిసీమ. 1977 ఉప్పెనలో ఇల్లూ గొడ్డూ గోదా అన్నీ పోయి, పదహారేళ్ల వయసులో శిబిరంలో అన్నం కోసం వరసలో నిలబడ్డాను. అప్పట్నుంచీ రూపాయి తీయాలంటే ప్రాణం ఒప్పదు. మా ఆవిడ ఇప్పటికీ రోజూ రాత్రి ఖర్చుల లెక్క చెబుతుంది. అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు ఆసుపత్రి బిల్లులో సగం అల్లుడి దగ్గర అడిగి తీసుకున్నాను. పోయిన క్రిస్మస్ ముందు చర్చిలో పిల్లలు స్క్రూజ్ అనే పిసినారి మారిపోయే నాటకం వేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే మా ఆవిడకి పట్టుచీర, మనవరాలికి గొలుసు కొన్నాను. ప్రేమవిందుకి 25 వేలిస్తే పాస్టరుగారు మైకులో చెప్పారు. చీర ఇంకా బీరువాలోనే ఉంది. మా అబ్బాయి ‘నాన్నకి ఒంట్లో బాలేదా’ అని నవ్వాడు. సంక్రాంతి నాటికి నేను మళ్లీ మామూలే. ఆ క్రిస్మస్ నాటి మనసు ఏడాదంతా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: అయ్యా, మీ ఆవిడకి చీర నచ్చలేదని మీరు అనుకుంటున్నారేమో. రోజూ భోజనాలయ్యాక ‘కొత్తిమీర పది, పాలు ముప్పై రెండు’ అని అప్పజెప్పే మనిషికి, వేలు పోసి కొన్న చీర కట్టుకోవాలంటే భయం వేయదా? రేపు ఏదో ఒక గొడవలో ‘అంత పెట్టి కొన్నాను కదా’ అనే మాట వస్తుందని ఆమె అనుమానం. ఇన్నేళ్ల కాపురంలో వచ్చిన అనుమానం అది. చీరైతే కొన్నారు గానీ, లెక్క అడగడం మానలేదుగా. చీర ఎందుకు కట్టుకోలేదని మాత్రం అడక్కండి.

మీరు చూసిన నాటకానికి మూలం 1843లో చార్లెస్ డికెన్స్ రాసిన కథ. పండగ పొద్దున ఆ పిసినారి తన గుమాస్తా ఇంటికి పెద్ద టర్కీ కోడిని పంపడం అందరికీ గుర్తుంటుంది. కానీ కథలో మర్నాడు, అంటే 26న, ఇంకో సంగతి జరుగుతుంది. ఆలస్యంగా వచ్చిన గుమాస్తా ఇవాళ తిట్లు తప్పవనుకుంటే, యజమాని జీతం పెంచుతానంటాడు. కోడి ఒక్క పూటకి అయిపోతుంది. జీతం నెలనెలా వస్తుంది. మీరు కోడి దగ్గరే ఆగిపోయారు.

కాబట్టి మనసు సంగతి కాసేపు పక్కన పెట్టండి. అది డిసెంబరులో ఒకలా, మార్చిలో ఒకలా ఉంటుంది, ఎవరికైనా అంతే. ముందు ఏర్పాటు మార్చండి. పెన్షన్ పడిన మర్నాడే కొంత డబ్బు మీ ఆవిడ సొంత ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో రాసివ్వండి. జాయింటు ఖాతా వద్దు. ఏటీఎం కార్డూ, మెసేజ్‌లు వచ్చే ఫోన్ నంబరూ ఆమెవే ఉండాలి. మెసేజ్‌లు మీ ఫోన్‌కి వస్తే రాత్రి లెక్కలు పగలు మొదలైనట్టే. ఇది ఇంటిఖర్చు కాదు, ఆమె సొంతానికి. ఎంత కావాలో ఆమెనే అడగండి. తక్కువే చెబుతుంది. దానికి రెట్టింపు వేయండి. ఇంట్లో పనిమనిషి ఉంటే, ఆమెకు జీతం ఎప్పుడు పెంచారో కూడా ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇక అమ్మాయి సంగతి. బైబిల్లో జక్కయ్య కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. యెరికో ఊళ్లో మేడిచెట్టెక్కిన ఆ సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, సగం ఆస్తి బీదలకిస్తానని చెప్పి ఊరుకోలేదు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకుంటే వాళ్లకి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ప్రేమవిందుకి ఇవ్వడం తప్పని నేననను. కానీ మైకులో మీ పేరు వినబడ్డప్పుడు మీ అమ్మాయికి ఏమనిపించి ఉంటుంది? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత! పురుడు పుట్టింటివాళ్లు పోయడం మన దగ్గర ఆనవాయితీ. ఆ సగం బిల్లు వల్ల అత్తగారింట్లో ఆ అమ్మాయి ఎన్ని మాటలు పడిందో మీకు తెలియదు, ఆమె చెప్పదు కూడా. ఆ డబ్బు ఫోన్‌పేలో పంపి చేతులు దులుపుకోకండి. స్వయంగా వెళ్లండి. అల్లుణ్ణి అడిగి తీసుకున్నారు కాబట్టి, అల్లుడి ముందే ‘అప్పుడు నేను చేసింది తప్పు’ అని చెప్పి ఇవ్వండి. నాలుగంతలు కాకపోయినా ఫరవాలేదు. వాళ్లు వద్దంటే మనవరాలి పేర వేయండి.

మీ భయాన్ని నేను తీసిపారేయడం లేదు. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ల మీదికి వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఉన్నదంతా ఒక్క రోజులో పోవడం చూసిన కుర్రాడు రూపాయిని గట్టిగా పట్టుకున్నాడంటే అర్థం ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంటి పెత్తనం ఆ కుర్రాడి చేతుల్లోనే ఉండటమే బాగాలేదు. పెన్షన్ ప్రతి నెలా వస్తుంది. మీ తర్వాత మీ ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ ఉంటుంది. రెండేళ్ల ఇంటిఖర్చు, వైద్యానికి కొంత, ఎంతో కాగితం మీద రాసుకుని ఎఫ్‌డీ చేయండి. కాపలా ఏదైనా కాయాలనిపిస్తే దానికి కాయండి. ఇంత చేసినా ఖర్చు పెట్టిన రోజు గుండెదడ, టెన్షన్, నిద్రలేమి ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవండి. విపత్తు చూసినవాళ్లలో ఈ భయం ఏళ్ల తరబడి ఉండిపోవడం డాక్టర్లకు తెలిసిన సంగతే. మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి ఏ వేళప్పుడైనా ఉచితంగా మాట్లాడొచ్చు.

మధ్యమధ్యలో తప్పుతారు. ఏప్రిల్‌లో కరెంటు బిల్లు చూసి, ఆవిడ కింద కూర్చుని కూర తరుగుతుంటే ఫ్యాన్ కట్టేస్తారు. గుర్తొచ్చాక లేచి మళ్లీ వేయండి. దానికే ‘నేనింక మారను’ అని తీర్మానించుకోవద్దు. అబ్బాయి నవ్వితే నవ్వనివ్వండి. ఎంగిలిచేత్తో కాకిని తోలడని పేరు పడ్డ మనిషిని ఇంట్లోవాళ్లు ఒక్క పండగతో నమ్మరు. వచ్చే క్రిస్మస్‌కి కూడా నమ్మకపోవచ్చు.

ఈ నెల పెన్షన్ పడగానే ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లండి. ఆమె పేర ఖాతా లేకపోతే ఆధార్, పాన్, రెండు ఫొటోలు పట్టుకెళ్లండి. ఎండలో నడిపించకుండా ఆటో మాట్లాడండి.